బొమ్మల గది ఆయమ్మ

ఆయమ్మ చెంప మీద దెబ్బ పడింది పట్టపగలు, మగవాళ్ల వార్డు వరండాలో, ముప్పై మంది చూస్తుండగా. కొట్టినవాడు పద్నాలుగో నంబరు మంచం ముసలాయన కొడుకు. ఆ ముసలాయన పోస్టుమాస్టరుగా పనిచేసి రిటైరైనవాడు. పక్షవాతంతో కుడిపక్క పడిపోయి వార్డులో చేరాడు. ఆ ఉదయం మంచం మీంచి జారి కిందపడ్డాడు. తుంటి విరిగింది, తల పగిలింది. ప్రాణం పోయింది తొమ్మిదో రోజున. దెబ్బ మాత్రం మొదటి రోజే పడింది.

ఆస్పత్రి మంచానికి రెండు పక్కలా ఇనప కమ్మీలుంటాయి. పేషెంటు దొర్లి పడకుండా వాటిని పైకెత్తి, టక్కుమనేదాకా బిగించాలి. ఆ రోజు కిటికీ వైపు కమ్మీ దించి ఉంది. ముసలాయన గచ్చు మీద పడి ఉండగా మొదట చూసింది ఆయమ్మ. పరుగెత్తి తల ఒళ్లో పెట్టుకున్నదీ ఆయమ్మే. కాబట్టి తప్పు కూడా ఆయమ్మదే అయింది. ఆస్పత్రిలో తప్పు నీళ్లలాంటిది, ఎక్కడ పుట్టినా పల్లానికే పారుతుంది. డాక్టరు కింద హెడ్ సిస్టరు, ఆవిడ కింద సిస్టర్లు, సిస్టర్ల కింద చదువుకునే పిల్లలు, వాళ్ల కింద ఆయమ్మ. ఆయమ్మ కింద గచ్చు తప్ప ఇంకేమీ లేదు.

పేరుకి విచారణ కూడా జరిగింది. హెడ్ సిస్టరు గదిలో బల్లకు అవతల ఆవిడ, ఇవతల ఆయమ్మ. తలుపు పక్కన రెండో సంవత్సరం నర్సింగు చదివే అమ్మాయి, పందొమ్మిదేళ్లది. పదీ నలభైకి ఆ మంచం దగ్గర బీపీ చూసినట్టు చార్టులో ఆ అమ్మాయి సంతకమే ఉంది.

"నువ్వు బీపీ చూసి వచ్చేటప్పటికి కమ్మీ ఎత్తి ఉందా?" అని హెడ్ సిస్టరు అడిగింది.

బీపీ పట్టీ చుట్టడానికి అడ్డమొచ్చి కమ్మీ దించింది ఆ అమ్మాయే. ఎత్తాలని అనుకుంది కూడా. ఇంతలో ఎవరో పిలిచారు. వెళ్లింది. మర్చిపోయింది. జరిగింది అంతే, ఇంతకన్నా పెద్ద కథ లేదు. కానీ ఆ క్షణంలో ఆమెకి కనిపించింది ముసలాయన కాదు, తన హాస్టలు మంచం, తన పుస్తకాలు, అప్పు కాగితాల మీద సంతకాలు పెట్టి చదివిస్తున్న తండ్రి మొహం.

"ఎత్తే ఉంది సిస్టర్," అంది.

మూడు మాటలు. ఆయమ్మ తల తిప్పి ఆమెను చూసింది. కోపంగా కాదు. సూది గుచ్చేముందు చెయ్యి పట్టుకుని నరం కోసం వెతుకుతారే, అలా చూసింది. తర్వాత తల దించుకుని, "నేను దించలేదు సిస్టర్," అని ఒకే ఒక్కసారి చెప్పింది. రెండోసారి చెప్పమని ఎవరూ అడగలేదు. పద్దెనిమిదేళ్ల కొలువు మూడో రోజుకల్లా ఊడింది. ఆయా నిర్లక్ష్యం వల్ల పేషెంటు పడిపోయాడని రిజిస్టరులో నీలి సిరాతో రాసి, కింద ముద్ర కొట్టారు. ముద్ర పడ్డాక అబద్ధానికి కాళ్లొస్తాయి, అది ఎంతదూరమైనా నడుస్తుంది.

ఆ అమ్మాయి తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని చదువు పూర్తి చేసింది. బాగా చదివింది. భయంతో చదివేవాళ్లు ఎప్పుడూ బాగానే చదువుతారు. వార్డుల్లో పనిచేసింది, ఇంకా పై చదువు చదివింది. పదేళ్లు గిర్రున తిరిగేసరికి అదే ఊళ్లో ఒక నర్సింగు కాలేజీలో ట్యూటరు అయింది. పిల్లలు ఆమెను వెనకాల 'టక్కు మేడమ్' అనేవాళ్లు. కమ్మీ ఎత్తితే చాలదు, టక్కుమని వినబడాలి అని రోజుకి పదిసార్లు చెబుతుంది కాబట్టి. ఆమెకి ఆ పేరు తెలుసు. తెలిసినా నవ్వేది కాదు.

కాలేజీలో ఆమెకి అప్పగించింది సిమ్యులేషన్ ల్యాబు. పిల్లలు దాన్ని 'బొమ్మల గది' అంటారు. అచ్చం వార్డులా ఆరు మంచాలు, ఆక్సిజన్ గొట్టాలు, మందుల ట్రాలీ, గోడకి ఒక పెద్ద అద్దం. అద్దం వెనక చిన్న చీకటి గది. అక్కడ ట్యూటరు కూర్చుంటే లోపలివాళ్లు ఆమెకి కనిపిస్తారు, ఆమె వాళ్లకి కనిపించదు. నాలుగు మంచాల మీద మామూలు రబ్బరు బొమ్మలు. ఐదో దాని మీద ఖరీదైన బొమ్మ. ఆరోది ఖాళీ. ఖరీదైన బొమ్మకి నాడి కొట్టుకుంటుంది, ఊపిరితిత్తులు పొంగుతాయి, కంటిపాపలు చిన్నవవుతాయి. రోజంతా పడుకుని ముప్పై మంది చేత సేవ చేయించుకుంటుంది కాబట్టి దాని పేరు 'దొర'. కొత్తగా చేరిన పిల్లలు దొరకి ముందు దణ్ణం పెట్టి తర్వాత సూది గుచ్చాలని పాతవాళ్లు ఏడిపించేవాళ్లు. నిజమనుకుని దణ్ణం పెట్టినవాళ్లూ ఉన్నారు.

దొరకి అన్నీ ఉన్నాయి కానీ సిగ్గు లేదు. దుప్పటి తీసి వదిలేసినా పడి ఉంటాడు. మొహం చిట్లించడు. "అమ్మా, కాస్త నెమ్మదిగా," అనడు. అబద్ధం చెప్పడు, మందు మింగినట్టే మింగి దిండు కింద దాచడు. అసలు పేషెంట్లు ఇవన్నీ చేస్తారు. అందుకని పేషెంటుగా నటించడానికి మనిషి కావాలని ట్యూటరు ప్రిన్సిపాలుని అడిగింది. ప్రిన్సిపాలు ఒప్పుకుంది. ఎవరిని తెస్తావంటే, "నాకు తెలిసినావిడ ఉంది," అంది ట్యూటరు.

ఆ తెలిసినావిడ బస్టాండు వెనక ఒక లాడ్జిలో దుప్పట్లు ఉతుకుతోంది. ట్యూటరు అక్కడికి వెళ్లేసరికి, ఆయమ్మ ఒక దుప్పటిని రెండో మనిషి సాయం లేకుండా గడ్డం కింద నొక్కిపట్టి మడతపెడుతోంది. జుట్టు నెరిసింది. ట్యూటరు కాలేజీ పేరు చెప్పింది, పని చెప్పింది. తను ఎవరో చెప్పలేదు. పదేళ్లలో తను ఒళ్లు చేసింది, కళ్లద్దాలు పెట్టింది, ఆయమ్మ గుర్తుపట్టదులే అనుకుంది.

"అంటే జబ్బు లేకుండా జబ్బుమనిషిలా పడుకోవాలా?" అని అడిగింది ఆయమ్మ.

"అవును."

"జీతమిచ్చి పడుకోబెడతారా?"

"అవునమ్మా."

"నా జన్మకి ఇలాంటి ఉద్యోగమొకటి మిగిలుందని తెలిస్తే నడుం ఇంత వంచుకునేదాన్ని కాదు," అంది ఆయమ్మ. దుప్పటి దొంతర మీద పెట్టి చేతులు తుడుచుకుంది. "ఎప్పుడు రమ్మంటావు పాపా?" అని అడిగి, వెంటనే, "మేడమ్," అని సర్దుకుంది.

వార్డులో చదువుకునే ఆడపిల్లలందరినీ ఆయమ్మ పాపా అనే పిలిచేది. అందరినీ అంటుందిలే అని ట్యూటరు తనకి తాను చెప్పుకుంది.

బొమ్మల గదిలో పేషెంటుగా నటించేవాళ్లకి ఒక కట్టుబాటు ఉంది. ట్యూటరే దాన్ని ఆయమ్మకి మొదటి రోజు నేర్పింది. పేషెంటు గౌను మెడ వెనక ముడి వేసుకున్నంతసేపూ నువ్వు పేషెంటువే. ఎవరేమడిగినా పేషెంటుగానే జవాబు చెప్పాలి. ముడి విప్పాక నీ మాట నువ్వు చెప్పొచ్చు. అప్పుడు స్టూడెంటు ఎదురుగా కూర్చుని, నాకు ఇక్కడ నొప్పి అనిపించింది, ఇక్కడ భయమేసింది అని ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆ గదిలో జరిగిన తప్పుకి శిక్ష లేదు, బయట చెప్పుకోవడం లేదు. తప్పులు చేయడానికే ఆ గది కట్టారు.

ఆయమ్మ విని, "ఇలాంటి గది ముందే కట్టుంటే ఎంత బాగుండేది," అంది. అంతకుమించి అనలేదు.

ఆ ముడిని ఆమె ప్రాణంలా పాటించింది. ఒకసారి నడుమ టీ వచ్చింది. కడుపునొప్పి పేషెంటు పాత్రలో ఉన్న ఆయమ్మ టీ ముట్టలేదు. "ముడి ఉంది," అని మెడ చూపించింది. గంటసేపు మూలుగుతూనే ఉంది. ఇంకోసారి ప్రిన్సిపాలు తనిఖీకి వచ్చి, "ఎలా ఉంది ఉద్యోగం?" అని అడిగితే, "ఉద్యోగమెక్కడిది తల్లీ, ఆయాసంతో ఆర్నెల్ల నించి మంచాన పడుంటే," అని దగ్గి దగ్గి ఆవిడ చేతికే కఫం డబ్బా అందించింది. పిల్లలు నవ్వాపుకోలేక ట్రాలీ కింద దూరారు. ప్రిన్సిపాలు డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

పద్దెనిమిదేళ్ల వార్డు మొత్తం ఆమె ఒంట్లో ఉంది. ఒకరోజు అందరినీ తిట్టే ముసలమ్మ. ఒకరోజు బిడ్డ పోయిందని తెలిసి, "పాలొస్తున్నాయి, ఏం చెయ్యమంటారు," అని మాత్రమే అడిగే బాలింత. ఒకరోజు ఇంజెక్షనంటే భయపడి జోకులు వేసే మొరటు మనిషి. పరీక్ష తప్పుతానని వణికే పిల్ల వస్తే, పేషెంటుగానే ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, "నీ చెయ్యి వెచ్చగా ఉంది తల్లీ, హాయిగా ఉంది," అనేది. ఆ పిల్ల చెయ్యి నిజానికి మంచులా ఉండేది. అద్దం వెనక కూర్చుని ట్యూటరు ఇదంతా చూసేది. పుస్తకంలో ఈ పాఠం ఏ పేజీలోనూ లేదని ఆమెకి తెలుసు.

పిల్లలు కొత్త సిరంజి కవరు చింపుతుంటే ఆయమ్మ ఆ కవరు అడిగి తీసుకునేది. వెలుతురుకి పట్టి చూసేది.

"ఏం చూస్తున్నావు పెద్దమ్మా?" అని ఓ పిల్ల అడిగింది.

"మా అమ్మాయి సిరంజిల ఫ్యాక్టరీలో కవర్లు అతికిస్తుంది. దాని చేతి పనేమోనని."

"ఎలా తెలుస్తుంది?"

"తెలియదనుకో. చూడ్డానికేం పోయింది."

రెండో ఏడు ఒక మధ్యాహ్నం, పిల్లలు వెళ్లిపోయాక, ట్యూటరూ ఆమే మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నారు. విప్పి మడతపెట్టిన గౌను ఆయమ్మ ఒళ్లో ఉంది. ట్యూటరు మాటవరసకి, "మీ అమ్మాయిని నర్సింగు చదివించలేదా?" అని అడిగింది. అడిగాక నాలుక కరుచుకుంది.

"చదివిద్దామనే. ఫారం కూడా తెచ్చిపెట్టుకున్నా. అప్పుడే నా పని పోయింది. పదిహేనేళ్లకి ఫ్యాక్టరీకి పోయింది." ఆయమ్మ కప్పులో నురగ ఊదింది. "దానికి నా మీద కోపం మేడమ్. ఒకే గదిలో ఉంటాం, ఒకే కుండలో వండుకుంటాం, అవసరమైతేనే మాట్లాడుతుంది. పన్నెండేళ్లయింది."

"ఎందుకు కోపం?"

"నేను కమ్మీ ఎత్తలేదని."

ట్యూటరు కప్పు మెట్టు మీద పెట్టేసింది.

"నేను ఆ కమ్మీ ఎత్తుంటే ఆ ముసలాయన బతికేవాడు, నాకు పనుండేది, అది నర్సయ్యేది. దాని లెక్క అది."

"మీరు దించలేదని చెప్పలేదా?"

"చెప్పా. సంతకాలు ముద్రలు ఉన్న కాగితం ఒక పక్క, అమ్మ నోటిమాట ఒక పక్క. చదువుకోవాలనుకున్న పిల్ల, కాగితాన్నే నమ్మింది." ఆయమ్మ టీ చివరి గుక్క తాగి, కప్పు అడుగున చూస్తూ చెప్పింది. "దించినవాళ్లొచ్చి దానితో ఒక్కమాట చెప్తే నమ్ముతుంది. దానికి కోపం తప్ప మొండితనం లేదు."

కావలసిందేమిటో ఇంతకంటే తేటగా ఎవరూ చెప్పలేరు. ట్యూటరుకి అర్థమైంది. రేపు చెప్దామనుకుంది. ఆ రేపు రెండేళ్లు సాగింది. పిరికివాడికి రేపటిని మించిన చుట్టం లేడు.

మూడో ఏడు ఆయమ్మే వచ్చి, "మేడమ్, ఒక పాఠం నేను తయారుచేస్తా," అంది. పేషెంటు పక్షవాతం వచ్చిన ముసలాయన. స్టూడెంటు వచ్చి బీపీ చూడాలి. పట్టీ చుట్టడానికి కమ్మీ దించక తప్పదు. పట్టీ విప్పుతుండగా తలుపు దగ్గర్నించి ఎవరో కేకేసి పిలుస్తారు. అప్పుడు కమ్మీ ఎత్తి వెళ్తుందా, లేదా? అంతే పరీక్ష. ట్యూటరు వద్దనలేకపోయింది. వద్దనడానికి కారణం చెప్పాలి కదా.

ఎన్నిసార్లు చెప్పినా, ఎన్ని టక్కులు వినిపించినా, పిలుపు వినగానే సగంమంది వదిలేసి పరుగెత్తేవాళ్లు. అప్పుడు ఆయమ్మ, అంటే ఆ ముసలాయన, వంకరపోయిన మూతితో, "నీళ్లు," అంటూ బల్ల మీది గ్లాసు కోసం పనిచేసే చెయ్యి చాచేది. కొంచెం కొంచెంగా అంచుకి జరిగేది. కింద పరుపు వేసి ఉంచినా, ఆ జారుతున్న తీరు చూడలేక ట్యూటరు అద్దం వెనక మొహం తిప్పుకునేది. తర్వాత ముడి విప్పి, ఏడుస్తున్న పిల్ల ఎదురుగా కూర్చుని ఆయమ్మ ఎప్పుడూ ఒకటే చెప్పేది.

"మర్చిపోవడానికి ఏడవకు. మనుషులం, మర్చిపోతాం. గుర్తొచ్చాక వెనక్కి వచ్చావా లేదా, అది చూసుకో."

నాలుగో ఏడు, ఆ పాఠం జరుగుతున్న ఒక సాయంత్రం, చివరి పిల్లకి జ్వరమొచ్చి రాలేదు. ఆ సంగతి తెలియక ఆయమ్మ గౌను ముడితో మంచం మీద అలాగే ఎదురుచూస్తోంది. చెప్పి పంపించేద్దామని ట్యూటరు అద్దం వెనక నించి లేచింది. తలుపు తీసింది. మంచం మీద వంకర మూతి, ముడుచుకున్న కుడిచెయ్యి, కిటికీ వెలుతురు. పద్నాలుగో నంబరు మంచం అక్కడే ఉన్నట్టుంది. ఆమె కాళ్లు ఆగలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది. కమ్మీ దించింది. పట్టీ చుట్టింది. గాలి కొట్టింది. చెవుల్లో స్టెతస్కోపు పెట్టుకోవడం మర్చిపోయింది.

"ఆ రోజు కమ్మీ దించింది నేనే," అంది.

మంచం మీది మనిషి పైకప్పు వైపు చూస్తోంది.

"ఎత్తడం మర్చిపోయాను. సిస్టరు అడిగితే ఎత్తే ఉందన్నాను. భయపడ్డాను. మీకు దెబ్బపడినప్పుడు నేను మందుల గది తలుపు వెనకే ఉన్నాను. మీ పని పోయిందనీ తెలుసు, అన్నీ తెలుసు. నన్ను క్షమించండి."

పక్క మంచం మీద దొర ఊపిరితిత్తులు పొంగి తగ్గుతున్నాయి. తర్వాత మంచం మీది మనిషి పనిచేసే చెయ్యి మెల్లగా లేచి ట్యూటరు తల మీద వాలింది. మాట ముద్దముద్దగా, మూతి ఒక పక్క నించే వచ్చింది.

"పోనీలే తల్లీ. చిన్నపిల్లవి. తెలీక చేశావు. కళ్లు తుడుచుకో."

ట్యూటరు పరుపు అంచులో మొహం దాచుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి లేచి, మొహం కడుక్కుని, ఇంటికి వెళ్లి, పద్నాలుగేళ్లలో మొదటిసారి కడుపునిండా తిని పడుకుంది. మర్నాడు ఆయమ్మ మామూలుగానే వచ్చింది. మామూలుగానే నటించింది. రోజూ పని అయ్యాక ముడి విప్పి, గౌను మడతపెట్టి, ఇదివరకటికంటే కాస్త ఎక్కువసేపు మెట్ల మీద కూర్చునేది. ట్యూటరు హడావిడిగా పలకరించి వెళ్లిపోయేది. ఆమెకి ఇప్పుడు చేతినిండా పని. మనసు తేలికైనవాళ్లకి పని ముద్దొస్తుంది.

తేలికైన మనసు ఊరుకోదు, ఊరేగుతుంది. మొదట ఒక తరగతిలో, పేర్లు లేకుండా, తన తప్పు సంగతి చెప్పింది. పిల్లలు కళ్లు తుడుచుకున్నారు. తర్వాత ట్యూటర్ల సమావేశంలో చెప్పింది. నిజాయితీ అంటే ఇదీ అని చప్పట్లు కొట్టారు. చివరికి కాలేజీ వార్షిక సంచికలో రెండు పేజీలు రాసింది. 'నన్ను క్షమించిన ఆ తల్లికి' అని మొదలుపెట్టింది. ఆ తల్లి కూతురు దగ్గరికి ఒక్క వాక్యం మోసుకెళ్లలేని మనిషి, ముక్కూ మొహం తెలియని ఆరొందల మందికి రెండు పేజీలు పంచింది. ఆస్పత్రి రిజిస్టరులో నీలి సిరా నీలి సిరాగానే ఉంది. దానిపక్కన మరో వాక్యం రాయించాలన్న ఆలోచన ఆ రెండు పేజీల్లో ఎక్కడా లేదు.

టీ వేళలో ఒక పిల్ల ఆ సంచిక తెచ్చి, "పెద్దమ్మా, మా మేడమ్ ఎంత బాగా రాసిందో విను," అని ఆయమ్మకి చదివి వినిపించింది. ఎవరి గురించో ఆ పిల్లకి తెలియదు. ఆయమ్మ చివరిదాకా విని, "ఇంకోసారి చదువు," అంది. రెండోసారి కూడా విని, "బాగుంది," అంది. మర్నాటి నించి రాలేదు.

వారం చూసి ట్యూటరు వెళ్లింది. పరీక్షలు దగ్గరపడ్డాయి, పేషెంటు లేకపోతే కుదరదు. ఒంట్లో బాగాలేదేమో అని పళ్లు కూడా కొనుక్కెళ్లింది. ఇల్లంటే ఇరుకు సందు చివర మేడమీద ఒకటే గది. రెండు మంచాలు, మధ్యలో గుడ్డ తెర, మూల స్టవ్వు. ఆయమ్మ ఆరోగ్యంగానే ఉంది. ఆమెని చూసి ఆశ్చర్యపోలేదు. "రండి మేడమ్," అని కుర్చీ తుడిచి వేసింది. టీకి నీళ్లు పెట్టింది.

తెర పక్కకి జరిపి కూతురు వచ్చింది. ముప్పైకి దగ్గర పడ్డ మనిషి, ఫ్యాక్టరీ నించి అప్పుడే వచ్చినట్టుంది. పది వేళ్ల కొసలూ వేడి ప్లాస్టిక్కుకి కాలి గట్టిపడి మెరుస్తున్నాయి.

"మా అమ్మకి పనిచ్చిన మేడమ్ మీరేనా?" అంది. "మీది పెద్ద మనసు. ఇలాంటి మచ్చ ఉన్నవాళ్లని ఆస్పత్రి గేటు కూడా దాటనివ్వరు. మీరు ఏకంగా నర్సులకి పాఠం చెప్పిస్తున్నారట."

ట్యూటరు నవ్వబోయింది. నవ్వు రాలేదు. స్టవ్వు దగ్గర ఆయమ్మ టీపొడి చెంచా పట్టుకుని వాళ్ల వైపు వీపు పెట్టి నిలబడింది. గిన్నెలో నీళ్లు మరుగుతున్నాయి. చెంచా గిన్నెలోకి వంగలేదు. మూత తీసిన డబ్బా అలాగే ఉంది.

"అమ్మకి బుద్ధి చెప్పండి," అంది కూతురు. "వారమై పోవట్లేదు. ఎందుకంటే చెప్పదు. మళ్లీ ఏం చేసిందోనని నాకు భయం. ఏమన్నా తప్పు చేసిందా?"

"లేదు," అంది ట్యూటరు. "లేదమ్మా. మీ అమ్మ ఏ తప్పూ..." ఆగింది. నీళ్లు సలసలమంటున్నాయి. మిగతా మాట గొంతుదాకా వచ్చింది. ఆమెకి వరసగా కాలేజీ గుర్తొచ్చింది, ప్రిన్సిపాలు గుర్తొచ్చింది, ఈ పిల్ల ఆస్పత్రికి వెళ్లి అరిస్తే, ముసలాయన కొడుకు ఇంకా ఊళ్లోనే ఉంటే. పందొమ్మిదేళ్లప్పుడు ఏవి గుర్తొచ్చాయో దాదాపు అవే. "మీ అమ్మ చాలా మంచి మనిషి," అని ముగించింది.

"మంచితనానిదేముంది మేడమ్," అంది కూతురు. "మంచితనం కమ్మీ ఎత్తదు కదా."

ఆయమ్మ టీపొడి వేసింది. నీళ్లు సగానికి సగం ఇగిరిపోయాయి, టీ చేదుగా వచ్చింది. ట్యూటరు మొత్తం తాగింది.

ఆయమ్మ ఆమెని సాగనంపడానికి సందు చివర బస్సు ఆగే చోటుదాకా వచ్చింది. ఎండ తగ్గింది. దుకాణాల ముందు నీళ్లు చల్లుతున్నారు. బస్సు మలుపు తిరుగుతూ కనిపించింది. ట్యూటరు ఉండబట్టలేక ఆయమ్మ చెయ్యి పట్టుకుంది.

"నా మీద కోపమా? ఆ రోజు పోనీలే అన్నారుగా. క్షమించానన్నారుగా."

ఆయమ్మ చెయ్యి లాక్కోలేదు. ట్యూటరు మొహంలోకి చూసింది. హెడ్ సిస్టరు గదిలో ఒకసారి చూసినట్టే. తర్వాత వాళ్లు మళ్లీ కలవలేదు. పరీక్షలకి ఇంకెవరినో పెట్టుకున్నారు, ఆ పై ఏడు తల్లీ కూతుళ్లు ఆ గది ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయారు. కాబట్టి బస్సు వచ్చి ఆగేలోపు ఆయమ్మ అన్న మాటలే ఆఖరివి.

"నేను నిన్ను లాడ్జిలోనే గుర్తుపట్టా. నువ్వే వచ్చి చెప్తావని నాలుగేళ్లు ఆ మంచం మీద పడుకున్నా. ఆ సాయంత్రం నువ్వు చెప్పింది పేషెంటుకి, పోనీలే అన్నదీ పేషెంటే. ముడి ఉంది పాపా. నన్ను నువ్వింకా అడగలేదు." చెయ్యి మెల్లగా విడిపించుకుంది. "ఎక్కు. చూసి ఎక్కు, మెట్టు ఎత్తుగా ఉంది, పడతావు."